అమ్మకం మొదలుపెడదామనుకుంటే సబ్బుల మీద నారింజ రంగు మచ్చలు – ఏ ప్రిజర్వేటివ్ వేయాలి?

నురగకల:
అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదివి చప్పుడు చేయకుండా వెళ్ళిపోయేదాన్ని, రాయడం ఇదే మొదటిసారి. రెండేళ్ళుగా ఇంట్లోకి, తెలిసినవాళ్ళకి సబ్బులు చేస్తున్నాను. కోల్డ్ ప్రాసెస్ (ఉడికించకుండా నూనెల్లో కాస్టిక్ నీళ్ళు కలిపి పోసే పద్ధతి). అందరూ అమ్ము అమ్ము అని వెంటపడితే ఈసారి ధైర్యం చేసి మూడు బ్యాచ్‌లు కలిపి 64 బిళ్ళలు పోశాను. వచ్చే నెలలో ఒక ప్రదర్శనలో బల్ల కూడా మాట్లాడుకున్నాను.

ఏడు వారాలు ఆరాయి. నిన్న కాగితం చుడదామని కూర్చుంటే 11 బిళ్ళల మీద నారింజ రంగు మచ్చలు. కొన్ని ఆవగింజంత, కొన్ని వేలిగోరంత. ఇన్నాళ్ళూ ఇంట్లో చేసినవి రెండు నెలల్లో అరిగిపోయేవి కాబట్టి ఇలాంటిది ఎప్పుడూ చూడలేదు.

రెసిపీ: తవుడు నూనె 40 శాతం, కొబ్బరి నూనె 25, పొద్దుతిరుగుడు నూనె 25, ఆముదం 10. సూపర్‌ఫ్యాట్ (సబ్బుగా మారకుండా మిగిలేలా వదిలే నూనె) 8 శాతం. కుళాయి నీళ్ళు. ఒక బ్యాచ్ మీద లావెండర్ మొగ్గలు చల్లాను, అవి కూడా గోధుమ రంగుకి తిరిగి చూడ్డానికి అసహ్యంగా ఉన్నాయి.

ఏ ప్రిజర్వేటివ్ ఎంత వేయాలో చెబితే మిగతా బ్యాచ్‌లకైనా వేసుకుంటాను. టెన్షన్‌తో రాత్రి నిద్ర లేదు.

సబ్బుపిచ్చోడు:
విటమిన్ ఈ క్యాప్సూల్స్ నాలుగు కొట్టి కలపండి మేడం, సరిపోతుంది. నేను అదే చేస్తా.

మూడోబ్యాచ్:
@సబ్బుపిచ్చోడు బ్రో, నీ సబ్బులు ఎన్నాళ్ళు ఉంటాయి ఇంట్లో?

సబ్బుపిచ్చోడు:
నెల రోజులు. మా ఇంట్లో ఆరుగురం 😀

మూడోబ్యాచ్:
మరి నీకు పాడయ్యే అవకాశం ఎక్కడిచ్చావ్ దానికి!

గాజుకొలత:
నురగకల గారూ, మందు అడిగే ముందు జబ్బేమిటో చూద్దాం. నాలుగు సంగతులు చెప్పండి.

మచ్చ దగ్గర ముక్కు పెట్టి వాసన చూడండి. మామూలు సబ్బు వాసనేనా, ముక్కిపోయిన నూనె వాసనా? వేలితో రాస్తే పొడిలా వస్తోందా, జిడ్డుగా ఉందా? మచ్చలు పైవైపు ఉన్నాయా, కిందివైపా? ఆరబెట్టింది దేని మీద?

ఇంకొకటి. మూడు బ్యాచ్‌లకూ ఒకే డబ్బా నూనె వాడారా?

నురగకల:
మాస్టారూ (మీ పాత పోస్టులు చదివాను, కెమిస్ట్రీ చెప్పేవారని తెలుసు, అందుకే అలా పిలుస్తున్నా), ఇప్పుడే అన్నీ తిరగేసి చూశాను.

వాసన ముక్కిన నూనెదే. పిల్లలు వాడే మైనం క్రేయాన్ల వాసన కూడా కలిసినట్టుంది. జిడ్డుగానే ఉంది, పొడి కాదు.

11 లో 8 బిళ్ళలకు మచ్చలు కిందివైపే ఉన్నాయి. అవి వరుసగా ఉన్నాయండీ! గీత గీసినట్టు, వేలెడు ఎడంలో ఒక వరుస, మళ్ళీ ఒక వరుస. ఆరబెట్టింది తీగల స్టాండు మీద. ఇప్పుడు ఆ స్టాండు తెచ్చి పక్కన పెట్టి చూస్తే మచ్చల వరుసలు, తీగలు అచ్చంగా సరిపోయాయి. పైపూత అక్కడక్కడా లేచిపోయి లోపల తుప్పు కనిపిస్తోంది. ఇన్నాళ్ళూ గమనించనే లేదు.

మిగతా మూడు బిళ్ళలకు మాత్రం మచ్చలు పైన, పక్కన, ఎక్కడ పడితే అక్కడ. ఆ మూడూ ఒకే బ్యాచ్‌వి. దానికి వాడింది పొద్దుతిరుగుడు నూనె డబ్బా అడుగున మిగిలిన భాగం.

గాజుకొలత:
మీ జవాబులోనే సగం వైద్యం అయిపోయింది. కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందుగా ఒక మాట. మీకు ప్రిజర్వేటివ్ అక్కర్లేదు. ప్రిజర్వేటివ్ చంపేది సూక్ష్మజీవుల్ని. కాస్టిక్ సోడాతో చేసిన గట్టి సబ్బు పీహెచ్ 9 నుంచి 10.5 వరకూ ఉంటుంది, బాగా ఆరాక అందులో వాటికి అందే నీళ్ళు కూడా ఉండవు. అలాంటి చోట బ్యాక్టీరియా, బూజు పెరగడం కష్టం. మీ సబ్బును పాడు చేసింది గాలిలోని ఆక్సిజన్. డబ్బాలో నూనె ఎలా ముక్కిపోతుందో సబ్బులోనూ అంతే. ఈ మచ్చల్నే సబ్బులవాళ్ళు డీఓఎస్ (డ్రెడెడ్ ఆరెంజ్ స్పాట్స్) అంటారు.

కొవ్వు ఆమ్లం అంటే ఒక కార్బన్ గొలుసు. ఓలియిక్ ఆమ్లం గొలుసులో ఒక ద్విబంధం ఉంటుంది, లినోలియిక్‌లో రెండు, లినోలెనిక్‌లో మూడు. రెండు ద్విబంధాల మధ్య ఇరుక్కున్న కార్బన్ దగ్గర హైడ్రోజన్ చాలా తేలిగ్గా ఊడిపోతుంది. ఊడిన చోట ఆక్సిజన్ వచ్చి కూర్చుంటుంది, అది పక్క గొలుసు నుంచి ఇంకో హైడ్రోజన్ లాగుతుంది, అలా ఒకదాన్ని చూసి ఒకటి. అందుకే మచ్చ ఒకచోట పుట్టి చుట్టూ పాకుతుంది. ఓలియిక్‌లో అలా మధ్యలో ఇరుక్కున్న కార్బనే లేదు కనుక అది ఎన్నో రెట్లు నెమ్మదిగా పాడవుతుంది.

ఇక ఇనుము, రాగి లాంటి లోహాలు. లవలేశం చాలు, ఈ పనిని పరుగులు పెట్టిస్తాయి. మీ ఎనిమిది బిళ్ళల కథ అదే, తుప్పు తీగ తగిలినచోటల్లా మొదలైంది. కుళాయి నీళ్ళతో కూడా లోహాలు వస్తాయి. డిస్టిల్డ్ వాటర్ వాడండి. ఇక్కడ బేరం వద్దు.

మిగతా మూడు బిళ్ళలది వేరే కథ. డబ్బా అడుగు నూనె అంటే మూత తీసీ వేసీ నెలల తరబడి గాలి తాగిన నూనె. ఆ గొలుసుకట్టు పని డబ్బాలోనే మొదలైపోయి ఉంటుంది.

ఆముదంచుక్క:
మాస్టారు కారణం చెప్పారు కాబట్టి నేను లెక్క చెబుతాను. నురగకల గారూ, స్టాండు మార్చినా మీ రెసిపీ మిమ్మల్ని ఎప్పుడో ఒకప్పుడు ముంచేదే.

తవుడు నూనెలో లినోలియిక్, లినోలెనిక్ కలిపి సుమారు 35 శాతం. మీరు వేసింది 40 శాతం, అంటే 14. మామూలు పొద్దుతిరుగుడు నూనెలో సుమారు 65. మీరు వేసింది 25 శాతం, అంటే 16. కొబ్బరి నుంచి అర శాతం, ఆముదం నుంచి ఇంకో అర. మొత్తం 31!

మాలో చాలామంది పెట్టుకున్న గీత 15. అది దాటితే సబ్బు వెంటనే పాడవుతుందని కాదు, నా అనుభవంలో 15 లోపు ఉన్నవాటితో నిద్ర పడుతుంది. మీది దానికి రెట్టింపు. పైగా సూపర్‌ఫ్యాట్ 8. సబ్బుగా మారకుండా మిగిలిన నూనె ఎంత ఎక్కువుంటే ముక్కిపోవడానికి అంత సరుకు. అమ్మే సబ్బుకు 5 చాలు.

ఇది ప్రయత్నించండి: ఆలివ్ 50, కొబ్బరి 27, షియా బటర్ 15, ఆముదం 8. లెక్క వేస్తే 8 దగ్గర ఆగుతుంది. కాస్టిక్ మాత్రం కొత్తగా లెక్క కట్టాలి, పాత కొలత వేయకండి. ఒక్కో నూనెకి ఒక్కో సంఖ్య: కొబ్బరికి గ్రాముకు 0.183 గ్రాముల కాస్టిక్, ఆలివ్‌కు 0.135 చుట్టుపక్కల.

పొద్దుతిరుగుడు వదలబుద్ధి కాకపోతే హై ఓలియిక్ రకం అని ఒకటి దొరుకుతుంది. సీసా మీద పోషకాల పట్టీ చూడండి. మోనో అన్‌శాచురేటెడ్ బాగా ఎక్కువ, పాలీ అన్‌శాచురేటెడ్ తక్కువ ఉంటే అదే.

సబ్బుపిచ్చోడు:
అంటే విటమిన్ ఈ దండగా?

గాజుకొలత:
పూర్తిగా దండగ అనను. సీసాలో ఉన్న నూనెకు కొంత రక్షణ ఇస్తుంది. సబ్బులో మచ్చలు ఆపే విషయంలో నాకైతే ఎప్పుడూ ఉపయోగపడలేదు. అది ప్రిజర్వేటివ్ మాత్రం కాదు, ఆ రెండింటినీ కలిపేసి మాట్లాడేవాళ్ళు ఎక్కువ.

మూడోబ్యాచ్:
నేను వాడేది రోజ్‌మేరీ ఎక్స్‌ట్రాక్ట్. వాసన కోసం వేసే రోజ్‌మేరీ ఎసెన్షియల్ ఆయిల్ కాదు, నల్లపచ్చగా చిక్కగా ఉండే ఒలియోరెసిన్. నూనె బరువులో 0.05 నుంచి 0.1 శాతం. కిలో నూనెకు అర గ్రాము నుంచి గ్రాము. వంటింటి కాటా మీద అర గ్రాము తూగదు, 0.01 గ్రాము చూపించే చిన్న కాటా కొనుక్కోండి.

కిటుకేంటంటే దాన్ని సబ్బు పోసే రోజు వేయకూడదు. నూనె సీసా మూత తీసిన రోజే వేసి కలిపి పెట్టాలి. ముక్కిపోయిన నూనెను అది బాగు చేయలేదు, ముక్కిపోకుండా ఆపగలదు, అంతే.

లై_నీళ్ళు:
రోజ్‌మేరీకి ఖర్చెక్కువ, రంగు, వాసన కూడా కొద్దిగా తెస్తుంది. తెల్ల సబ్బు చేసేవాళ్ళకు బీహెచ్‌టీ (నూనె ముక్కిపోకుండా ఆపే రసాయనం) సుఖం. 0.1 శాతం, 70 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి కొంచెం నూనె వేడి చేసి అందులో కరిగించి కలపాలి. దానికి తోడు టెట్రాసోడియం ఈడీటీఏ 0.5 శాతం, కాస్టిక్ వేయకముందే నీళ్ళలో కరిగించాలి. లోహాల్ని పట్టేస్తుంది. ఈ రెండూ వేసిన బిళ్ళలు నా దగ్గర రెండేళ్ళవి ఉన్నాయి, మచ్చ లేదు.

పూలరేకు:
మరి “సహజమైనది” అని అమ్ముతూ బీహెచ్‌టీ, ఈడీటీఏ వేస్తే ఎలా అండీ? ఈడీటీఏ నేలలో, నీళ్ళలో త్వరగా విరిగిపోదు కూడా.

లై_నీళ్ళు:
“సహజం” అని నేను లేబుల్ మీద రాయను. వేసింది వేసినట్టు రాస్తా. కాస్టిక్ సోడా చెట్టుకు కాయదు కదా!

పూలరేకు:
అది నిజమే లెండి 😄 కానీ నేను మాత్రం సిట్రేట్ దారే.

గాజుకొలత:
ఈడీటీఏ గురించి పూలరేకు గారు చెప్పింది సరైనదే. సోడియం సిట్రేట్ కూడా లోహాల్ని పడుతుంది, కాస్త బలహీనంగా. గట్టి నీళ్ళున్న ఇళ్ళలో బాత్రూం గోడకు పట్టే సబ్బు పొర కూడా తగ్గుతుంది, అది కొన్నవాళ్ళు గమనించి చెప్పే లాభం. దాన్ని విడిగా కొనక్కర్లేదు, సిట్రిక్ యాసిడ్ వేస్తే కాస్టిక్‌తో కలిసి అదే తయారవుతుంది.

ఆముదంచుక్క:
అయ్యో, ఆ సిట్రిక్ దగ్గరే నేను చేతులు కాల్చుకున్నాను, చెప్పనివ్వండి.

ఎవరో చెప్పారని కిలో నూనెకు 10 గ్రాముల సిట్రిక్ యాసిడ్ వేశాను. కాస్టిక్ పెంచలేదు. సబ్బు మెత్తగా వచ్చింది, వారాలు గడిచినా వేలు పెడితే దిగేది, మూడో నెలలో మచ్చలు. మచ్చలు ఆపుదామని వేసిందే మచ్చలు తెచ్చింది! తర్వాత లెక్క వేస్తే తెలిసింది. గ్రాము సిట్రిక్ యాసిడ్ 0.624 గ్రాముల కాస్టిక్ సోడాను తినేస్తుంది. 10 గ్రాములకు 6.24. ఆ మేరకు నూనె సబ్బుగా మారకుండా మిగిలిపోయింది. నేను 5 అనుకున్న సూపర్‌ఫ్యాట్ కాస్తా 9 దాటింది.

కాబట్టి ఎంత సిట్రిక్ వేస్తే అంతకు తగ్గ కాస్టిక్ అదనంగా వేయాలి. ప్యాకెట్ మీద మోనోహైడ్రేట్ అని ఉంటే అందులో కొంత నీరుంటుంది, అప్పుడు గ్రాముకు 0.571.

నురగకల:
ఇవన్నీ నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. అడగడానికి సిగ్గుగా ఉంది కానీ అడిగేస్తా. మచ్చలున్న చోట చాకుతో గీకేసి, మిగతాది బాగుంది కదా అని అమ్మవచ్చా? లేకపోతే తురిమి కరిగించి మళ్ళీ పోస్తే?

మూడోబ్యాచ్:
వద్దు. ఒక చోట మచ్చ పైకి కనిపిస్తోందంటే ఆ బిళ్ళంతటా పని జరుగుతూనే ఉంది. కరిగించి పోస్తే ఆ ముక్కిన నూనెను బ్యాచ్ మొత్తానికి పంచినట్టు. మీరు వాడుకోండి, గిన్నెలు తోమండి, గుడ్డలు ఉతకండి. అమ్మొద్దు.

పూలరేకు:
మచ్చల్లేని 53 కూడా ఇప్పుడే అమ్మకండి అక్కా. అదే రెసిపీ, అదే స్టాండు కదా. కొన్నవాళ్ళ బాత్రూంలో బయటపడితే ఇంకా బాధ.

పువ్వుల సంగతి నేను చెప్తా, నా పేరే అది కాబట్టి. లావెండర్ మొగ్గలు సబ్బు క్షారానికి గోధుమ రంగుకి తిరగడం మామూలే. చెడిపోవడం కాదు కానీ చూసినవాళ్ళు ఎలకపెంటికలు అనుకుంటారు! నేను ఎండిన కాలెండ్యులా రేకులే వాడతాను, వాటి పసుపు నిలుస్తుంది. పచ్చి పువ్వులు, పచ్చి ఆకులు అసలు వద్దు, పైన పెడితే బూజు పట్టేది అక్కడే. పీహెచ్ ఎంతుంటే ఏం, సబ్బులోంచి బయటికి పొడుచుకొచ్చిన ఆకుకి ఆ కవచం ఉండదు. నూనెలో మూలికలు నానబెట్టేటప్పుడూ బాగా ఎండినవే వేయాలి, తర్వాత మెత్తటి గుడ్డలో రెండుసార్లు వడకట్టాలి. పండు గుజ్జు, పాలు వేయాలనుంటే ముందు ఒకటీ రెండు బిళ్ళలు పోసి ఆర్నెల్లు చూసుకోండి, అమ్మకానికి వెంటనే వద్దు.

సబ్బుపిచ్చోడు:
నా సబ్బు మీద తెల్లగా బూడిదలా వస్తుంది, అదీ ఇదేనా?

గాజుకొలత:
కాదు బాబూ. అది సోడా యాష్. పైన సబ్బుగా మారని కాస్టిక్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిస్తే సోడియం కార్బనేట్ అవుతుంది. ఆవిరి పడితే, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. వెనీలా సువాసన వేసిన సబ్బు గోధుమ రంగుకి మారడం కూడా చెడిపోవడం కాదు. ముక్కును నమ్ము. వాసన మారకుండా రంగు ఒక్కటే సమంగా మారితే కంగారు అక్కర్లేదు.

వాన_చినుకు:
మధ్యలో వస్తున్నందుకు సారీ. లిక్విడ్ సోప్‌కు కూడా ప్రిజర్వేటివ్ అక్కర్లేదా? నేను పొటాషియం హైడ్రాక్సైడ్‌తో చేస్తా.

గాజుకొలత:
అది వేరే లెక్క. అందులో నీళ్ళు ఎక్కువ, పైగా కొందరు పల్చగా కలిపేస్తారు. సోడియం బెంజోయేట్, పొటాషియం సార్బేట్ లాంటివి ఆమ్ల గుణం ఉన్నచోటే పనిచేస్తాయి, సబ్బు పీహెచ్ దగ్గర వేసినా వేయనట్టే. వేరే థ్రెడ్ పెట్టండి, అక్కడ మాట్లాడుకుందాం.

లై_నీళ్ళు:
నాలుగేళ్ళుగా అమ్ముతున్నాను కాబట్టి అమ్మకం వైపు సంగతులు నేను చెబుతాను.

ప్రతి బ్యాచ్‌కు నంబరు ఇవ్వండి. నూనె సీసాలకు కూడా ఇవ్వండి, కొన్న తేదీ, మూత తీసిన తేదీ రాసి అంటించండి. మొదట్లో నేను ఇవేవీ చేయలేదు. ఒకసారి ఒకచోట పెద్ద డబ్బా నూనె చవగ్గా వస్తోందని తెచ్చాను. సీలు ఉంది, తేదీ ఉంది, మూత తీశాక కొంచెం కనరు వాసన అనిపించింది. “కొత్త నూనె కదా, ఇలాగే ఉంటుందేమో” అనుకుని పోసేశాను. నాలుగు నెలల తర్వాత ఒకావిడ ఫోటో పంపింది. బిళ్ళ నిండా మచ్చలు. ఆ నూనె ఏయే బ్యాచ్‌లకు వెళ్ళిందో రాసుకోలేదు, అందుకని ఆ కాలంలో అమ్మినవాళ్ళందరికీ ఫోన్లు చేసి కొత్త సబ్బులు పంపాల్సి వచ్చింది. అప్పటి నుంచి నూనెను ముందు అరచేతిలో వేసి రుద్ది వాసన చూడందే కాటా మీద పెట్టను.

ప్రతి బ్యాచ్ నుంచి మూడు బిళ్ళలు పక్కన పెడతాను. ఒకటి అల్మారాలో కాగితం చుట్టి, ఒకటి చుట్టకుండా వెలుతురు తగిలే కిటికీ దగ్గర, ఒకటి బాత్రూంలో తడిపొడి మధ్య. ఏడాది పాటు నెలకోసారి చూసి ఒక్క ముక్క రాస్తాను. కిటికీ దగ్గరది ముందు చెబుతుంది.

ఆరిందో లేదో వారాలు లెక్కపెట్టకుండా బరువు చూడండి. పోసినప్పుడు 120 గ్రాములున్న బిళ్ళ నాలుగో వారానికి 108, ఆరో వారానికి 106, ఆ తర్వాత కదలకపోతే ఆరినట్టు. ఆరకముందే ప్లాస్టిక్ చుడితే లోపల చెమ్మ పడుతుంది. గాలిలో తేమ ఎక్కువున్న రోజుల్లో సబ్బులోని గ్లిజరిన్ నీటిని లాక్కుని బిళ్ళ చెమటలు పోస్తుంది, ఆ తడి ఈ మచ్చలకు మంచి నేస్తం. నేను చుట్టేది కాగితమే.

స్టాండు పారేయక్కర్లేదు, మీద మందపాటి బేకింగ్ పేపర్ పరిస్తే చాలు. నేనైతే తుప్పు పట్టినదాన్ని ఇంట్లో ఉంచను అనుకోండి.

నురగకల:
ప్రదర్శన వాళ్ళకు ఫోన్ చేసి బల్ల వద్దన్నాను. కట్టిన అడ్వాన్సు రాదన్నారు. పోనీ. 64 బిళ్ళలూ అట్టపెట్టెలోకి వెళ్ళాయి, మా ఇంట్లో ఏడాది వరకూ సబ్బు కొనే పని లేదు.

స్టాండు పాత సామాన్లవాడికి ఇచ్చేశాను. రేపటి నుంచి ఒక్కోటి అర కిలో నూనెతో నాలుగు చిన్న బ్యాచ్‌లు. కొత్త నూనె, డిస్టిల్డ్ వాటర్, సూపర్‌ఫ్యాట్ 5 అన్నిటికీ ఒకటే. ఒకటి: పాత రెసిపీ, ఏమీ వేయకుండా. రెండు: పాత రెసిపీ, రోజ్‌మేరీ, సిట్రిక్. మూడు: ఆముదంచుక్క గారి రెసిపీ, ఏమీ వేయకుండా. నాలుగు: అదే రెసిపీ, రోజ్‌మేరీ, సిట్రిక్. చూసి వచ్చి చెబుతాను.

సబ్బుపిచ్చోడు:
ఐదోది విటమిన్ ఈ తో వేయండి మేడం, ప్లీజ్. నా పరువు!

(అయిదు నెలల తర్వాత)

నురగకల:
చెబుతానన్నాను కదా, వచ్చాను.

మొదటిదానికి తొమ్మిదో వారంలో మచ్చ వచ్చింది, కిటికీ బిళ్ళకే. తుప్పు లేదు, పాత నూనె లేదు, అయినా వచ్చింది. ఇప్పుడు మూడు బిళ్ళలకూ ఉన్నాయి. రెండోది నాలుగో నెల దాకా ఆగింది, ఇప్పుడు కిటికీ బిళ్ళకు రెండు చుక్కలు. మూడోదానికి మచ్చ లేదు, కానీ కిటికీ బిళ్ళ వాసన కొద్దిగా మారిందని మా ఆయన అంటున్నారు, నాకైతే తెలియడం లేదు. నాలుగోది పోసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

సబ్బుపిచ్చోడు గారి ఐదోది కూడా పోశాను, పాత రెసిపీతోనే. పదో వారంలో మచ్చ. సారీ అండీ.

నాలుగోదాంతో ముందుకు వెళ్తున్నా. కానీ ఏడాది నిండాకే అమ్ముతాను.

సబ్బుపిచ్చోడు:
ఒక వారం ఎక్కువ ఆగింది కదా, గెలుపే 😎

ఆముదంచుక్క:
చాలా సంతోషం అండీ. ఒక్క అనుమానం. రెండు, నాలుగు బ్యాచ్‌ల్లో సిట్రిక్‌కు తగ్గ కాస్టిక్ కలిపారు కదా?

నురగకల:
కలిపానండీ. 5 గ్రాములకు 3.12. నోట్‌బుక్‌లో ఎర్ర పెన్నుతో రాసి ఉంది.